మూలకణ పరిశోధన: శాస్త్రము, ధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో 25 సంవత్సరములు గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని కాదు. వానలు తప్పిన యేండ్లలో సైతము చందాలు కూర్చి, పత్రికలు తెప్పించి, తలుపు తెఱచియుంచినవారి శ్రమ మన కందఱకును తెలిసినదే. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును సమముగా పాటుపడిరి. చదువు వచ్చినవారికి పుస్తకము, చదువు రానివారికి నోటిమాటగా విషయము: ఈ రెండును అందినప్పుడే గ్రంథాలయము ఊరిదగును. నేటి ఉపన్యాసములను ఏర్పాటు చేసిన కార్యవర్గమువారి ఉద్దేశమును అదియే యని తలంచుచున్నాను.

జీవశాస్త్ర విద్యార్థినైన నన్ను మూలకణములను గూర్చి మాటలాడుమని కోరినారు. ఈ మాట నేడు పత్రికలలో తఱచుగా కనబడుచున్నది. బిడ్డ పుట్టకముందే బొడ్డుత్రాటి రక్తమును దాచుకొనుడని చెప్పువారు పట్టణపు ఆసుపత్రులకడ నున్నారు. నడవలేని బిడ్డను నడిపింతుము, మాటరాని బిడ్డను మాటలాడింతుము అను ప్రకటనలు వచ్చుచున్నవి. ఇందులో శాస్త్రమెంత, ఆశ యెంత, బేర మెంత యని తెలిసికొనవలసిన అవసరము పట్టణవాసులకన్న మనకే యెక్కువ. ఏలయనగా పెద్ద జబ్బు వచ్చినప్పుడు మనము తీసి యిచ్చునది జీతములోని మిగులు కాదు, చేనుగట్టు.

మొదట శాస్త్రమును చెప్పుదును. పిదప ధర్మమును చెప్పుదును. తుదకు ఆ రెండును వేఱుకావని చూపుట నా ప్రయత్నము.

మన శరీరము లెక్కకు మిక్కిలియైన కణములతో నిర్మింపబడినది. ఇల్లు ఇటుకలతో కట్టినట్లు అని పాఠములలో చెప్పుదురు గాని, ఆ పోలిక సగమే సరిపోవును. ఒకమాఱు పెట్టిన ఇటుక గోడ కూలువఱకు అదియే యుండును. కణము అట్లు గాదు. చర్మముమీది కణములు రాలుచుండును, క్రొత్తవి పుట్టుచుండును. నెత్తురులోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు పనిచేసి నశించును. పేగుల లోపలి పొర కొలది దినములలోనే మాఱిపోవును. ఈ క్రొత్త కణములన్నియు ఎక్కడినుండి వచ్చుచున్నవి?

రైతులకు ఈ ప్రశ్నకు జవాబు సులభముగా తోచును. పండిన జొన్నలలో, కొఱ్ఱలలో అధికభాగము తినుటకు. మేలైన గింజ కొంత విత్తనమునకు. ఎంతటి కఱవు వచ్చినను తెలివిగల రైతు విత్తనపు గింజమీద చేయి వేయడు. అది పోయినచో మఱుసటి యేడు చేను బీడే. శరీరముకూడ ఆ పద్ధతినే పాటించుచున్నది. పనిచేయు కణములు వేఱు. విత్తుగా దాచబడిన కణములు వేఱు. ఈ విత్తుకణములనే మూలకణము లందురు. మూలకణము రెండుగా చీలినపుడు ఒకటి మఱల మూలకణముగానే నిలువవచ్చును. రెండవది చర్మకణముగానో రక్తకణముగానో మాఱి పనిలో చేరును. విత్తు తఱుగకుండ పంట వచ్చుట ఈ యేర్పాటులోని విశేషము.

విత్తులన్నియు ఒకే విధమైనవి కావు. పెరిగిన మనుష్యుని శరీరములోని మూలకణము సాధారణముగా తానున్న చోటికి కావలసిన కణములనే పుట్టించును. ఎముకల మూలుగలోనిది రక్తమును, కంటి యంచునున్నది కంటిపొరను మాత్రమే యిచ్చును. మొదటి అయిదాఱు దినముల పిండములోపలి కణములు మాత్రము శరీరములోని యే భాగముగానైనను మాఱగలవు. మొదటి తెగను గూర్చి ధర్మసందేహములు తక్కువ. రెండవ తెగను గూర్చి ఎక్కువ. ఈ భేదమును మనసులో నుంచుకొన్నచో తక్కినది సులభముగా బోధపడును.

ఇచ్చట ఒక ప్రశ్నకు సమాధానము చెప్పక తప్పదు. భారతకథ విన్నవారికి గాంధారి గర్భమునుండి వెడలిన మాంసపిండమును వ్యాసుడు నూటొక్క భాగములు చేసి నేతికుండలలో నుంచిన ఘట్టము తెలిసినదే. 2019 జనవరిలో పంజాబులో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసులో, కౌరవుల జననము మూలకణ విద్యవలననే జరిగినదని ఒక వక్త చెప్పగా దేశమంతట చర్చ జరిగినది. కవియొక్క ఊహ గొప్పదే; దానిని తక్కువ చేయవలసిన పనిలేదు. కాని కథను విని మనము ఆనందింతుము. చికిత్సను మాత్రము బిడ్డ శరీరముపై జరిపింతుము. కథకు లెక్క అడుగము. చికిత్సకు లెక్క అడుగక తప్పదు. ఎన్ని కుండలు పెట్టిరి, ఎన్ని ఫలించినవి, ఎన్ని చెడినవి, మఱియొకరు చేసినచో అట్లే జరుగునా యని అడుగుటయే శాస్త్రము.

ఆ లెక్క ఎట్లుండునో ఒక ఉదాహరణము చెప్పుదును. అమెరికా వైద్యుడు డొనాల్ థామసు రక్తవ్యాధులలో ఒకరి మూలుగను మఱియొకరికి ఎక్కించు ప్రయత్నము చేసి, ఆఱుగురు రోగుల వృత్తాంతమును 1957లో ప్రకటించెను. వారిలో ఎవ్వరును నూఱు దినములు దాటి జీవింపలేదు. ఆయన ఆ మాటను దాచలేదు. దాచనందువలననే లోపమెక్కడనో ఇతరులును వెదకగలిగిరి. 1961లో కెనడాలోని టొరంటో నగరమున జేమ్సు టిల్, ఎర్నెస్టు మెకల్లక్ అను ఇరువురు ఎలుకలపై ప్రయోగములు చేసి, రక్తమునకు మూలకణము కలదని చూపిరి. దాతకును గ్రహీతకును కణముల పొత్తు కుదురునో లేదో ముందుగా పరీక్షించు విధానము తరువాత ఏర్పడినది. 1990లో థామసునకు నోబెలు బహుమానము లభించెను. ఆఱుగురు మరణించిన ప్రయత్నమునుండి వేలమందిని బ్రతికించు చికిత్స వచ్చుటకు మూడు దశాబ్దములు పట్టినది. మన సీమవాసులు పెద్ద జబ్బులకు పోవు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మూలుగ మార్పిడి 1986 నుండి జరుగుచున్నది. తలసీమియావంటి పుట్టు రక్తవ్యాధులు, కొన్ని రక్తపు క్యాన్సరులు దీనివలన కుదురుచున్నవి. మూలకణ చికిత్సలలో పాతదియు, గట్టిగా నిలిచినదియు ఇదియే.

ఇక మన తెలుగువారి కృషికి వత్తును. నల్లగ్రుడ్డుమీద గడియారపు అద్దమువలె ఒక స్వచ్ఛమైన పొర యున్నది. దానిని కార్నియా యందురు. అందులో రక్తనాళములు లేవు. అందువలననే వెలుతురు అడ్డులేక లోనికి పోవును. దాని పైభాగపు కణములు ఎప్పటికప్పుడు రాలి మాఱుచుండును. ఆ క్రొత్త కణములకు విత్తు, నల్లగ్రుడ్డునకును తెల్లగ్రుడ్డునకును నడుమనున్న సన్నని అంచులో నున్నది. ఆ యంచునకు లింబసు అని పేరు. అది చేనిగట్టు వంటిది. విత్తు ఆ గట్టుననే యున్నది. తెల్లగ్రుడ్డుమీది పొర నల్లగ్రుడ్డుమీదికి ప్రాకకుండ ఆపునదియు ఆ గట్టే. గట్టు చెడినచో నష్టములు రెండు. చేనిలో మొలక రాదు; బయటి కలుపు లోనికి వచ్చును. ఎఱ్ఱని నాళములతో కూడిన పొర నల్లగ్రుడ్డును కప్పివేయును, చూపు పోవును. మరణించినవారి కార్నియాను తెచ్చి యతికినను అటువంటి కంట అది చాలకాలము నిలువదు. నారు నాటవచ్చును గాని, కలుపు మఱల దానిని కప్పును.

ఈ గట్టును కాల్చివేయు వస్తువులలో ముఖ్యమైనది మన ఇండ్లలోనే యున్నది, అది సున్నము. తాంబూలపు సున్నము, గోడకు కొట్టు సున్నము, బట్టీలోని సున్నము, అన్నియు క్షారములే. క్షారము ఆమ్లముకన్న లోతుగా కంటిలోనికి దిగును. చిన్న సున్నపు పొట్లమును పిల్లలు చేత నొక్కి ఆడుకొనుచుండగా అది పగిలి కంట చిమ్ముట, మన దేశపు నేత్రవైద్యులు మఱల మఱల వ్రాసిన ప్రమాదము. సున్నపురాతి నేలమీద బ్రతుకుచున్న జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో ఒక నేత్రవైద్య సంస్థను స్థాపించిరి. చలనచిత్ర రంగమున ప్రసిద్ధులైన ఎల్.వి. ప్రసాద్‌గారు విరాళ మొసగగా అది వారి పేరనే వెలసినది. అచ్చట డాక్టరు వీరేందర్ సంగ్వాన్, డాక్టరు గీతా వేముగంటి, శాస్త్రజ్ఞులు బాలసుబ్రమణియన్ మొదలైనవారు 2001 నుండి ఈ చికిత్సను చేపట్టిరి. ఇందులకు త్రోవ చూపినవారు ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మిఖేలె డె లూకా. వారు 1997లో ఇద్దఱు రోగుల విషయమును ప్రకటించియుండిరి.

చేయు విధానము వినుడు. ఒక కన్ను కాలి రెండవది బాగుగా నున్నచో, ఆ మంచి కంటి యంచునుండి గింజంత ముక్కను తీయుదురు. కాన్పు తరువాత మాయతో పాఱవేయు ఉమ్మనీటి సంచి పొరను, తల్లి సమ్మతితో తీసికొని శుద్ధిచేసి, దానిపై ఆ ముక్కను పరతురు. రోగియొక్క నెత్తురునుండి తీసిన సీరమునే ఆహారముగా వేసి, సుమారు రెండు వారములు పెంచుదురు. అప్పటికి ఆ గింజ పలుచని పొరగా అలముకొనును. కాలిన కంటిమీది కలుపుపొరను ఒలిచివేసి, ఈ క్రొత్త పొరను అతుకుదురు.

ఫలిత మేమి? 2011లో ప్రకటించిన పదియేండ్ల లెక్కలో 200 మంది రోగులలో 142 మందికి, అనగా నూటికి 71 మందికి, కంటిపొర నిలిచినది. తక్కిన 58 మందికి నిలువలేదు. పొర నిలుచుట వేఱు, చూపు పూర్తిగా వచ్చుట వేఱు అని కూడ వారు స్పష్టముగా వ్రాసిరి. ఈ 58 అను అంకెను మఱువవలదని నా మనవి. 142 అను అంకెకు గౌరవము తెచ్చినది ఈ 58 అంకెయే.

వా రంతటితో ఆగలేదు. కణములను పెంచుటకు ఖరీదైన ప్రయోగశాల కావలెను. అది ప్రతి ఊర దొరకదు. విత్తును వేఱొక చోట నారుపోసి తెచ్చుటకు మాఱుగా, నేరుగా కంటిమీదనే వెదజల్లిన నేమి యని ఆలోచించిరి. మంచి కంటినుండి తీసిన ముక్కను ఎనిమిది పది తునకలుగా చేసి, ఉమ్మనీటి సంచి పొరపై ఒకవిధమైన జిగురుతో అంటించి, అదే దినమున పని ముగింతురు. 2012లో ఆఱుగురి విషయమును, 2016లో 125 మంది విషయమును ప్రకటించిరి. రెండవ లెక్కలో నూటికి 76 మందికి పొర నిలిచినది. ప్రయోగశాల అక్కరలేనందున ఖర్చు తగ్గినది. ఇతర దేశముల వైద్యులును ఈ పద్ధతిని నేర్చుకొనిరి. బీదవానికి అందునట్లు చేయుటయు శాస్త్రధర్మములో నొక భాగమే. దీనికిని హద్దు కలదు. రెండు కన్నులును కాలినవానికి సొంత విత్తు ఉండదు. పరుల కణములు తేవలెను. అవి నిలుచుటకు శరీరపు ఎదిరింపును అణచు మందులు వాడవలెను. ఫలితమును అంత నమ్మకముగా చెప్పలేము.

ఇంతవఱకు చెప్పినదానిలో ధర్మసందేహము పెద్దగా లేదు. రోగి కణమును రోగియే యిచ్చుచున్నాడు, తెలిసి సమ్మతించుచున్నాడు, పోవునది స్వల్పము. పిండమునుండి తీయు మూలకణముల విషయము వేఱు.

1998లో అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్సు థాంసను మనుష్యపిండమునుండి మూలకణములను తీసి ప్రయోగశాలలో పెంచగలిగెను. సంతానము లేని దంపతులకొఱకు గర్భము వెలుపల ఏర్పఱచిన పిండములలో మిగిలినవానిని, ఆ దంపతుల అనుమతితో వాడెను. ఆ కణములను తీసినచో పిండము నశించును. ఇచ్చటనే ప్రపంచము రెండు పక్షములైనది. తల్లి గర్భమున నాటుకొన్నచో మనుష్యుడు కాగలదానిని, ఎంత మేలుకొఱకైనను, చెఱచుట తగదని ఒక పక్షము. గర్భమును చేరక పాఱవేయబడనున్న ఆవగింజకన్న చిన్నదైన కణసమూహముకొఱకు, ఎదుట బాధపడుచున్న రోగిని విడుచుట తగదని రెండవ పక్షము. మన పూర్వులును పిండము పెరుగు దశలను గూర్చి ఆలోచించిరి. గర్భోపనిషత్తు ఒక రాత్రి పిండమునకు ఒక పేరును, ఏడు రాత్రుల పిండమునకు మఱియొక పేరును పెట్టినది. ప్రాణమునకు ఎప్పుడు మనుష్యుని హక్కు వచ్చును అను ప్రశ్న నేటిది కాదు.

ఈ తగవులో ఒక గట్టు వేయవలెనని ఇంగ్లండులో మేరీ వార్నాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1984లో సూచించినది. పిండమును ప్రయోగశాలలో 14 దినములకు మించి పెంచరాదని వారి నిర్ణయము. ఆ సుమారునకు పిండమున వెన్నెముక స్థానమును సూచించు తొలి గీత ఏర్పడును. అంతకు ముందు ఆ పిండము ఒక్కరగునో, చీలి కవలలగునో నిశ్చయము కాదు. ఒక్కరో యిద్దఱో తేలనిదానిని ఒక వ్యక్తి యనుట కష్టమని వారి తర్కము. మన దేశములో భారత వైద్య పరిశోధనా మండలియు జీవసాంకేతిక శాఖయు కలిసి 2017లో సవరించిన మార్గదర్శకములును ఈ 14 దినముల హద్దును అంగీకరించినవి. మనుష్యుని నకలును పుట్టించు ప్రయత్నమును నిషేధించినవి. ఈ గట్టు ప్రకృతి వేసినది కాదు, మనుష్యులు కూర్చుండి మాటలాడి వేసికొన్నది. అందువలననే దానిని గూర్చి మాటలాడు హక్కు వైద్యులకు మాత్రమే కాక మన కందఱకును కలదు.

గట్టు దాటినప్పు డేమగునో దక్షిణ కొరియాలో తేలినది. హ్వాంగ్ వూ-సుక్ అను శాస్త్రజ్ఞుడు నకలు పిండములనుండి మూలకణములు తీసితినని 2004లోను 2005లోను ప్రకటించి లోకప్రసిద్ధి గాంచెను. ప్రయోగమునకు కావలసిన అండములలో కొన్ని, అతనిక్రింద పనిచేయు యువతులే యిచ్చినవని తరువాత బయటపడెను. యజమాని యడిగినప్పుడు కాదనలేని వారి సమ్మతి నిజమైన సమ్మతియా? పిమ్మట ఫలితములును కల్పితములని తేలి, 2006 జనవరిలో ఆ వ్యాసములను పత్రిక ఉపసంహరించుకొనెను. సమ్మతి విషయమున తప్పినవాడే లెక్క విషయమునను తప్పెను.

పిండముతో పనిలేని మార్గము నొకదానిని జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా కనిపెట్టెను. పెరిగిన ఎలుక చర్మకణములో నాలుగు జన్యువులను చేర్చి, దానిని పిండదశలోని మూలకణమువలె వెనుకకు మరల్పవచ్చునని 2006లోను, మనుష్య కణమునందును అట్లే చేయవచ్చునని 2007లోను చూపెను. 2012లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. 2014లో అదే దేశమున కోబే నగరములో, మసాయో తకహాషి అను వైద్యురాలి పరిశోధన ఫలితముగా, ఒక వృద్ధురాలి చర్మమునుండి ఇట్లు చేసిన కణములను ఆమె కంటి వెనుకపొరలో అతికిరి. రెండవ రోగికి కణములు సిద్ధము చేసిన పిమ్మట, వానిలో జన్యుమార్పులు కనబడగా, 2015లో ఆ ప్రయత్నమును ఆపివేసిరి. లోకమంతయు చూచుచుండగా, చేయగలిగియు ఆగుట చిన్న విషయము కాదు.

ఇందుకు విరుద్ధమైన కథ అమెరికాలోని ఫ్లారిడాలో జరిగినది. చూపు మందగించిన ముగ్గురు వృద్ధ స్త్రీల పొట్ట క్రొవ్వునుండి కణములు తీసి, మూలకణ చికిత్స యని చెప్పి, ఇరు కన్నులలోను ఎక్కించిరి. ఒక్కొక్కరికడ 5,000 డాలర్లు తీసికొనిరి. ఉన్న చూపుకూడ పోయినదని 2017లో వైద్యపత్రికలో వచ్చెను. ఇచ్చటను కణములు రోగివే, సమ్మతిపత్రమును ఉన్నది. లేనిది ఏమి? ముందుగా చేసిన పరీక్ష లేదు, ఒక కంట ఫలితము చూచి రెండవదానికి పోవు ఓర్పు లేదు, లెక్క లేదు. హైదరాబాదు, కోబే, ఫ్లారిడా, మూడుచోట్లను అవయవము కన్నే, పేరు మూలకణమే. ఒకచోట చూపు వచ్చినది, ఒకచోట చేయి ఆగినది, ఒకచోట చూపు పోయినది. భేదము కణములో లేదు, నడవడిలో నున్నది. ధర్మము శాస్త్రమునకు బయట నిలిచిన కాపలావాడని కొంద ఱనుకొందురు. నేను చదివినంతలో, అది పనిచేయు చేతిలోనే యున్నది. ఓటమిని కూడ లెక్కలో చూపువాడు శాస్త్రజ్ఞుడు. గెలుపును మాత్రమే చూపువాడు వర్తకుడు.

మన దేశమున నియమ మేమి? 2017 నాటి మార్గదర్శకముల ప్రకారము, కొన్ని రక్తవ్యాధులకు చేయు రక్తమూలకణ మార్పిడి నిత్యచికిత్సగా అంగీకరింపబడినది. ఇతర వ్యాధులకు మూలకణములను వాడుట, అనుమతి పొందిన పరీక్షలలోనే జరుగవలెను. అంతకు ముందు 2013లోనే, జనము భ్రమపడకుండుటకై, మార్గదర్శకముల పేరునుండి చికిత్స అను మాటను తొలగించిరి. మాటరాని, కలుపుగోలుతనము లేని ఆటిజము బిడ్డలకు ఈ చికిత్స సిఫారసు చేయదగదని జాతీయ వైద్య కమిషనుయొక్క విభాగము 2022లో తెలిపినది. అయినను ప్రకటనలు వచ్చుచునే యున్నవి. బిడ్డ బాధను చూడలేని తల్లిదండ్రులు చేను అమ్మియైనను పోవుదురు. వారిని అవివేకులనుట న్యాయము కాదు. వారికి ప్రశ్నలను అందించుట మన పని.

ఎవరైనను మూలకణ చికిత్స యన్నచో నాలుగు ప్రశ్న లడుగుడు. మొదటిది: ఈ కణము ఎవరిది, ఎక్కడినుండి తీయుదురు, ఇచ్చువారు భయములేక, బలవంతములేక ఒప్పుకొనిరా? రెండవది: ఇది రుజువైన చికిత్సయా, పరీక్షయా? పరీక్షయైనచో రోగికడ సొమ్ము తీసికొనరాదు. చికిత్సయని సొమ్ము తీసికొన్నచో రుజువు చూపవలెను. రెండును కాదనువానికి దూరముగా నుండుడు. మూడవది: ఎంతమందికి చేసిరి, ఎంతమందికి ఫలింపలేదు, ఎక్కడ ప్రకటించిరి? అందఱకును కుదిరినదనువాడు నిజము చెప్పుట లేదు. నాల్గవది: చెడినచో ఎవరు చూతురు, ఎంతకాలము చూతురు? మన దేశమున రోగులపై చేయు పరీక్షలను 2009 జూన్ 15 నుండి ప్రభుత్వపు రిజిస్ట్రీలో తప్పక నమోదు చేయవలెను; దానిని ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. కాని నమోదు కనబడినంతమాత్రమున చాలదు; ఫ్లారిడాలోని చికిత్స పేరును అక్కడి రిజిస్ట్రీలో ఉండెను. అందుచేత నాలుగు ప్రశ్నలును అడుగవలసినదే.

బొడ్డుత్రాటి రక్తమును గూర్చి ఒక్క మాట. అందులో రక్తమూలకణములున్న మాట నిజమే. కాని తన బిడ్డకొఱకే సొమ్ము కట్టి దాచిన రక్తము ఆ బిడ్డకే ఉపయోగపడు అవకాశము 2,500 మందిలో ఒకరినుండి 2 లక్షల మందిలో ఒకరివఱకు మాత్రమేనని పిల్లల వైద్యుల అంచనా. పుట్టు రక్తవ్యాధి వచ్చిన బిడ్డకు తన రక్తమే పనికిరాదు. ఆ దోషము అందులోను ఉండును. ఇంటిలో మూలుగ మార్పిడి అవసరమైన బిడ్డ ఇప్పటికే యున్నచో మాత్రము పెద్ద ఆసుపత్రి వైద్యుని అడిగి చూడవలెను. తక్కినవారు అప్పు చేయనక్కరలేదు.

అన్నిటికన్న చౌకైన మూలకణ రక్షణ మన చేతిలోనే యున్నది. సున్నము కంటబడినప్పుడు, ఉన్నచోటనే, ఆ క్షణమే, కనురెప్పలు విప్పి పట్టి, మంచినీటిని ధారగా కనీసము పావుగంటనుండి అరగంటవఱకు పోయవలెను. రెప్పలక్రింద సున్నపు పలుకులున్నచో నీటితో కడిగి తొలగింపవలెను. కన్ను నులుమరాదు, పాలు, నూనె, ఆకుపసరు పోయరాదు. కడిగిన పిదపనే కంటి ఆసుపత్రికి పోవలెను. ముందు బండి వెదకుకొనుచు కాలము జాఱనీయరాదు. లింబసులోని విత్తు కాలుట తొలి నిమిషములలోనే జరుగును. సున్నపు పొట్లము పిల్లలకు అందకుండ నుంచుట అంతకన్న సులభము. ఈ నాలుగు మాటలను గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను.

తోడి విద్యార్థులకు ఒక మనవి. ఊరిలో ఎవరైనను వైద్య ప్రకటన తెచ్చి చూపినచో, నవ్వి పంపక, గ్రంథాలయమున కూర్చుండి వారితో కలిసి చదువుడు. రిజిస్ట్రీ తెఱచి చూపుడు. అర్థము కాని మాటను పెద్ద ఆసుపత్రి వైద్యునకు జాబు వ్రాసి యడుగుడు. ఒక కుటుంబము చేను నిలిచినను, ఒక బిడ్డ కన్ను నిలిచినను ఈ 25 సంవత్సరముల చందాలు తీరినట్లే.